ఉప్పుగాలి వాళ్ల మొదటి ఆల్బమ్

ఎవరికి నచ్చిన పాట వాళ్లకి ఇంట్లో యంత్రమే కట్టిపెట్టే రోజులొచ్చాక, ఇంక మనం పాడటం దండగని నూకరత్నం ‘ఉప్పుగాలి’ బృందాన్ని వదిలేసింది. మిగిలిన ముగ్గురూ మానలేదు. భీమిలి ఒడ్డున కూర్చుని కట్టుకున్న వేసవి పాటలతో మొదటి ఆల్బమ్ తెచ్చారు.

ఒక ఉదయం రత్నం తల్లి చేపలు తోముతూ, ఆ ఆల్బమ్‌లోని సముద్రం పాటొకటి పెట్టుకుని గొంతు కలుపుతోంది. గోడవతల పక్కింటి పైడమ్మ కూడా అదే అందుకుంది. ఇద్దరి నోట ఒకే పాట విని ఏళ్లయింది. రత్నం విసురుగా యంత్రం దగ్గరికి వెళ్లింది.

“ఇంతకన్నా మంచి సముద్రం పాట కట్టు,” అని యంత్రానికి చెప్పింది. అది క్షణంలో కట్టింది. నిజంగానే బాగుంది.

“ఎలాగుందమ్మా?”

“బాగుందే. కానీ ఇది పైడమ్మకి రాదు కదా!” అని తల్లి మళ్లీ ఆ పాటే పెట్టుకుంది.

రత్నం ఉక్రోషంగా గిన్నెలు ఎత్తి పడేసింది. ఇంతలో చరణం వచ్చింది. తను పాడాల్సిన రెండో గొంతు, తన బదులు వాళ్లు కొత్తగా తెచ్చుకున్న అమ్మాయెవరో పాడుతోంది. వినలేకపోయింది. ఆ అమ్మాయి వినిపించకుండా పోయేంత గట్టిగా తనే పాడేసింది.

గోడవతల పైడమ్మ పాట ఆపి, “ఎవరే అది?” అంది.

“మా రత్నమే,” అంది తల్లి.