ఫిలోమేన్ వెనక నిలబడ్డ మనిషి

"పేట పెద్దగా నిలబడుతున్న ఆడమనిషివి నువ్వేనా?"

ఫిలోమేన్ మూకుడు నూనెలో మకాలా పిండి ఉండలు తిప్పుతూ తలెత్తింది.

ఎవరో ముసలావిడ. ఎప్పుడూ చూసిన ముఖం కాదు. కట్టుకున్న బట్ట మాత్రం పండక్కి తీసినట్టు కొత్తగా ఉంది.

"నేనే అవ్వా. ఎవరింటికి వచ్చావు?" అని ఒక వేడి మకాలా ఆవిడ చేతిలో పెట్టింది.

"నిన్న చీకటి పడ్డాక పడవ దిగాను. అది సరే, నీకెందుకమ్మా ఈ గొడవ? మొగుడు లేడంటున్నారు. పిల్లలున్నారంటున్నారు."

"ఓటేసి గెలిపించాక అధ్యక్షుడు మన ముఖం చూస్తాడా అవ్వా? ప్రధానిని ఆయనే వేస్తాడు. జిల్లాను ఏలే ప్రిఫెక్టునీ, మేయర్నీ పైనుంచే వేస్తారు. రేడియోలో పేర్లు చదివితే మనం వింటాం. మన గుమ్మం ముందు ఉండేది ఈ పేట పెద్ద ఒక్కడే. అదీ వదిలేస్తే ఇంక మనకేం మిగిలింది?"

ముసలావిడ నవ్వింది. "మాటకారివే. అసలు సంగతి చెప్పు."

"బోరింగు. కొలిస్సా అని, ఈమధ్యే వచ్చి ఇక్కడ కొట్టు పెట్టాడు. నాకు పోటీ అతనే. బోరింగు బాగుచేయించి తాళం వేసుకున్నాడు. తన వెంట తిరిగేవాళ్ళకే నీళ్ళు. మిగతావాళ్ళు నదికి పోవాల్సిందే."

"తాళమా?"

"తాళమే."

"తాగే నీళ్ళకా?"

ఫిలోమేన్ తలూపింది.

ముసలావిడ చేతిలోని మకాలా అలాగే చల్లారిపోయింది. దాన్ని చెంగున ముడి వేసుకుని వెళ్ళిపోయింది.

ఎండెక్కేసరికి పేటంతా ఎన్నిక కోసం బడి మైదానంలో చేరింది.

మేయరు కచేరీ నుంచి వచ్చిన మనిషి గొంతు సవరించుకున్నాడు. "కాగితాల్లేవు, పెట్టెల్లేవు. ఎవరు కావాలో వాళ్ళ వెనక నిలబడండి. తలలు లెక్కపెడతాం."

కొలిస్సా ఒక కొసన, ఫిలోమేన్ ఒక కొసన నిలబడ్డారు.

జనం కదిలారు.

నిన్నటిదాకా "నీకు కాక ఇంకెవరికి" అన్న వడ్రంగి కొలిస్సా వెనక చేరాడు. పక్కింటి జెర్మేన్ ఫిలోమేన్ ముందునుంచే తల దించుకుని నడిచింది.

"ఏం చేయను అక్కా. నీళ్ళు కావాలిగా."

ఫిలోమేన్ వెనక్కి తిరగలేదు. తిరగక్కర్లేదు. వెనక అడుగుల చప్పుడే లేదు.

ఉన్నట్టుండి ఎవరో కిసుక్కుమన్నారు.

"ఫిలోమేన్‌కి సైన్యం దిగింది, చూసుకోండి."

తిరిగి చూసింది. పొద్దుటి ముసలావిడ. తన ముందు వందమంది ఉన్నట్టు, వరసలో నిటారుగా నిలబడి ఉంది.

మేయరు మనిషి దగ్గరికి వచ్చాడు. "నువ్వీ పేట మనిషివేనా?"

"కాదు."

"అయితే నువ్వు లెక్కలోకి రావు."

"లెక్కపెట్టకు నాయనా. ఊరికే నిలబడటానికి కూడా ఉత్తర్వు కావాలా?"

మైదానమంతా గొల్లున నవ్వింది. కొలిస్సా ఒక్కడే నవ్వలేదు. గెలిచేవాడి పెద్దరికం అనుకున్నారు జనం.

ఫిలోమేన్‌కు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరు పంపారు నిన్ను? ఎవరూ రాకపోయుంటే మొండిగా తలెత్తుకుని ఇంటికి పోయేదాన్ని. నువ్వొచ్చి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు. పో అవ్వా, పో."

"ఎవరూ పంపలేదమ్మా," అంది ముసలావిడ. "అటు నిలబడదామంటే కాళ్ళు రాలేదు."

అంతే. రేవు వైపు నడుచుకుంటూ పోయింది.

కొలిస్సా గెలిచాడు. సాయంత్రం గెలుపు విందు మాత్రం జరగలేదు. కోయాల్సిన మేకలు కట్టుకొయ్యలకే ఉన్నాయి. డోలు వాళ్ళను గుమ్మంలోంచే పంపేశాడు. నాలుగు రోజులు తిరిగేసరికి బోరింగుకు తాళం లేదు. ఎందుకు తీశావని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పేటలో మాత్రం ఒకటే చర్చ. ఎవరా ముసలావిడ?

రేడియో వాళ్ళ మనిషన్నారు. మతి చలించిందన్నారు.

"పైనుంచి వచ్చిన మనిషి," అని తేల్చేసింది జెర్మేన్, బిందె నింపుకుంటూ. "అధ్యక్షుడి భవనం నుంచే. లేకపోతే కొలిస్సా అంత బెదురుతాడా?"

ఫిలోమేన్ తన బిందె ముందుకు జరిపింది. ఆవిడ ఎంత గొప్పదైతే తనకేం? అందరూ ముఖం చాటేసిన చోట నిలబడ్డ మనిషిని పో అని తరిమింది. అదొక్కటే ఆమెను వదలడం లేదు.

వారం గడిచాక పడవ తిరిగొచ్చిందని తెలిసి, వేడివేడి మకాలా ఆకులో చుట్టుకుని రేవుకు వెళ్ళింది.

పడవవాడు అడుగున చేరిన నీళ్ళు తోడి పోస్తున్నాడు.

"మొన్న కొత్త బట్ట కట్టుకున్న ముసలావిడను ఎక్కించుకున్నావే, ఎక్కడ దించావు? ఇవి ఆవిడకు చేర్చాలి."

"ఎగువన. రెండు రోజుల దారి. అప్పటికి రాయైపోతాయి నీ మకాలా."

"పైనుంచి వచ్చిన మనిషంటున్నారు, నిజమేనా?"

"ఎగువంటే పైనే కదా," అని నవ్వాడు పడవవాడు. "విందుకని వచ్చింది పాపం. ఒక్క ముద్ద ముట్టకుండా పోయింది."

"ఎవరి విందుకు?"

పడవవాడు చేతిలో డొప్ప కింద పెట్టి ఆమెను వింతగా చూశాడు.

"మీకెవరికీ తెలియదా? కొలిస్సా మోకాలి లోతు నీళ్ళలోకి దిగి నా పడవ పట్టుకున్నాడు. కన్నకొడుకు అంతగా బతిమాలుతున్నా ఆ తల్లి ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు."