వట్టి చేతుల పాఠం

చేతులకు యంత్రపు తొడుగులు వేసుకుంటే వేళ్లు వాటంతటవే వాయించే కాలం వచ్చాక, విశాఖపట్నంలో చెల్లో వాద్యం నేర్పే హెప్సిబా దగ్గర వట్టి చేతులతో నేర్చుకునే పిల్ల లాస్య ఒక్కతే మిగిలింది. మిగతా పిల్లలకూ పెద్దలకూ తొడుగులు సరిచేసి కూర్చోవడమే ఆమె పని.

ఆ సాయంత్రం, ఇన్నాళ్లూ కీచుమన్న తీగ మీద లాస్య కమాను మెల్లగా కదిపితే ఒక స్వరం నిండుగా పలికింది. పిల్ల ఉలిక్కిపడింది.

"టీచర్! అది నేనే కదా?"

"నువ్వేనమ్మా," అంది హెప్సిబా.

అప్పుడే లాస్యను తీసుకెళ్లడానికి తల్లి వాగ్దేవి వచ్చింది.

"పక్కింటి పాప నిన్న పెళ్లిలో గంటసేపు వాయించిందండీ. మాదింకా ఒక్క స్వరం దగ్గరే ఉంది. ఆదివారం మా ఇంట్లో ఫంక్షన్. దీనికీ తొడుగులు వేసేయండి."

"ఇప్పుడిప్పుడే చెయ్యి కుదురుతోందమ్మా. కొన్నాళ్లు ఆగండి."

"ఆగితే అంతకన్నా బాగా వాయిస్తుందాండీ?"

వాయించదు. అబద్ధమాడడానికి హెప్సిబాకు నోరు రాలేదు. తన చేతులతోనే లాస్య వేళ్లకు తొడుగులు బిగించింది. మరుక్షణం గది నిండా సంగీతం పొంగింది. వాగ్దేవి కళ్లు తుడుచుకుంటూ ఫోన్‌లో వీడియో తీసుకుంది.

లాస్య తన చేతుల వంక కాసేపు వింతగా చూసింది. తర్వాత విసుగ్గా తలెత్తింది.

"టీచర్, ఇది అయ్యేదాకా కార్టూన్ చూసుకోనా?"

హెప్సిబా లేచి టీవీ పెట్టింది.