ఎర్రనాచు కషాయం

"ఈ సముద్రపు ఎర్రనాచు దగ్గుకి మందే గానీ, మతిమరుపుకి కాదే పిల్లా!" అన్నాడు మూలికల వైద్యుడు. లేని ఆశ పెట్టి మందమ్మడం ఆయనకు చేతకాదు.

"తెలుసు బాబాయ్. అమ్మ నన్నే గుర్తుపట్టడం లేదు. ఈ కషాయం నోట్లో పడితే మాత్రం, నాచు ఏరుకునే రోజుల్లోకి వెళ్ళిపోతుంది. 'అలొస్తోంది, పైకి రావే!' అని కేకేస్తుంది."

"నిన్నేనా?"

"అక్కని."

నాచు ఏరే ఆ సముద్రపు రాళ్ళ మీంచే పెద్దపిల్లను అల లాక్కుపోయిందని వైద్యుడికి తెలుసు. "ఆ గాయం మళ్ళీ రేపడం ఎందుకమ్మా?" అన్నాడు.

"నేను చెయ్యి పట్టుకుని, 'వచ్చేశానమ్మా' అంటాను బాబాయ్. అప్పుడు కంటినిండా నిద్రపోతుంది."

వైద్యుడు తడికళ్ళతోనే పొట్లం కట్టి ఇచ్చాడు.