ఫోకస్ ఇంకాస్త కిందికి

మాస్టారు పోయి నెల తిరగలేదు. కణం రెండుగా చీలేటప్పుడు నడుమ ఒక సన్నని దారం ఉండి తీరాలని ఆయన రాసిన పేపర్‌ను ఎన్ని వందలమంది ఉదహరించారో లెక్కలేదు. ఆ దారాన్ని మాత్రం ఎవరూ కళ్లారా చూడలేదు. "అంతా గాలిలో మేడలే" అని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. ఆ మాట పడలేకే ఆయన శిష్యురాలు రాత్రిళ్లు మైక్రోస్కోప్ గదిలో లైటార్పి, తలుపేసుకుని ఒక్కతే కూర్చుంటోంది.

ఆ రాత్రి కణం చీలడం మొదలైంది. ఆత్రంలో ఆమె ఫోకస్ మరను ఎక్కువ తిప్పేసింది, బొమ్మ మసకబారింది.

"ఫోకస్ ఇంకాస్త కిందికి, తొందరమ్మా."

అలవాటు కొద్దీ తిప్పింది. దారం వెంట్రుకలా తళుక్కుమంది. ఫొటో తీసేసింది. అప్పుడు గానీ ఆమెకు ఒళ్లు జలదరించలేదు. తనను 'తొందరమ్మా' అని పిలిచేది మాస్టారొక్కరే.

వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ గొంతు పోతుందేమోనని భయం.

"పేపర్లో మీ పేరే ముందు వేస్తాను మాస్టారూ," అంది మెల్లగా.

"చాల్లే. కష్టపడింది నువ్వు. నీదే ముందు."

ఆమెకు కళ్లు చెమర్చాయి. "మరి ఒక్కసారి చూడండి," అంటూ కుర్చీ పక్కకు జరిపింది.

చాలాసేపు గదిలో యంత్రం సన్నని రొద తప్ప మరే చప్పుడూ లేదు. ఆ తర్వాత, ఎవరూ వంగి చూడని ఆ మైక్రోస్కోప్ కంటి అద్దం మీద, ఊపిరి తగిలినట్టు పల్చగా ఆవిరి పట్టింది.