ఒక్కరికే చోటు

"యాడికప్పా?"

పక్క సీటులోని ముసలాయన అడిగాడు. బస్సు ఇంకా నంద్యాల ఊరు దాటలేదు.

"ఆళ్లగడ్డ," అన్నాడు జీవన్ కుమార్, కిటికీ వైపు తిరిగి.

"ఏం చదివినావ్?"

"బీటెక్."

"ఉద్యోగం యాడన్నా చేస్తాండావా?"

జీవన్‌కు ఒళ్లు మండింది.

ఈ ప్రశ్నలు అతనికి కొత్త కాదు. కొన్నేళ్ల కింద ఇలాగే ఒకాయన బస్సులో పక్కన కూర్చుని, ఇంతే తీయగా అడిగాడు. ఉద్యోగం ఇప్పిస్తానని ఇంటిదాకా వచ్చి, అన్నం తిని, నాయన ఎద్దుల్ని అమ్మిన డబ్బు పట్టుకుపోయాడు. మళ్లీ కనపడలేదు.

అప్పటి నుంచి చదువు గురించి అడిగే ప్రతి మనిషీ జీవన్‌కు బ్రోకరే. చదువుకుని ఖాళీగా ఉన్నవాళ్లకు ఇదొక జబ్బు. ఉద్యోగం వస్తే తప్ప తగ్గదు.

"నాకు ఉద్యోగం వచ్చేసింది. సుందరరాజు గారి శిల్పాల షెడ్డులో, రాయి చెక్కే మిషన్ నడిపేదానికి. ఎవురి సాయమూ అక్కర్లా."

ముసలాయన ఒళ్లోని సంచి సర్దుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

పీడ వదిలిందనుకున్నాడు జీవన్.

నిజానికి ఉద్యోగం ఇంకా రాలేదు. సుందరరాజు ఫోన్‌లో చెప్పింది వేరు.

"విగ్రహం చేయించుకునే గుడి కమిటీ వాళ్లు పదకొండు గంటల దాకా ఈడ ఉంటారు. ఆ లోపల నువ్వొచ్చి వాళ్ల ముందర నిలబడితే పని నీది. ల్యాకుంటే నా ఏర్పాటు నాకుండాది."

విగ్రహాల షెడ్డంటే అమ్మ లూదియమ్మ ఏమంటుందోనని భయపడ్డాడు. లూదియమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, "ఏ పనైనా ఏసయ్య ఇచ్చిందే. పోయి రా నాయనా," అంది.

కన్నబిడ్డ ఖాళీగా తిరుగుతుంటే చూడలేక ఆ తల్లి సగమైపోయింది.

సిరివెళ్ల దాటాక బస్సు ఆగిపోయింది.

డ్రైవరు దిగి, ఇంజను చూసి, చేతులు దులుపుకున్నాడు. "ఎనకాల బస్సు వచ్చేదాకా కూచోండప్పా."

పది దాటింది. జీవన్ రోడ్డు మీదికి పరిగెత్తాడు. కనపడిన ప్రతి బండికీ చెయ్యెత్తాడు. లారీలు ఆగలేదు. ఆటోలు కిక్కిరిసి పోతున్నాయి.

చివరికి ఫోన్ తీశాడు.

"అమ్మా, ఇదీ పోయింది. నేనింక ఇంటికి రాను. నా కోసం సూడొద్దు."

అవతల ఆమె ఏదో అంటుండగానే కట్ చేసి, కల్వర్టు మీద కూలబడ్డాడు. నిన్న సాయంత్రం కుందూ నది వంతెన మీద నీళ్లలోకి చూస్తూ అంతసేపు ఎందుకు నిలబడ్డాడో అతనికే తెలుసు.

ముసలాయన దగ్గర్లోనే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

అంతలో ఒక పాలబండి వచ్చింది. ముసలాయన చెయ్యెత్తగానే ఆగింది.

"ఏం మామా, ఈడుండావ్? ఎక్కు, బేగా."

బండికి రెండు పక్కలా ఖాళీ క్యాన్లు. వెనక ఒక్కరికే చోటు.

ముసలాయన పాలాయన భుజం పట్టుకుని కాలెత్తాడు. ఒకసారి కల్వర్టు వైపు చూశాడు. కాలు దించాడు.

"ఈ పిల్లోన్ని తీసకపో. సుందరరాజు షెడ్డు కాడ దింపు. పదకొండు లోపల చేరాల."

"మరి నువ్వో?"

"నాకేం తొందర ల్యా."

జీవన్ లేచి వచ్చాడు. కానీ మనసులోని పురుగు ఊరుకోలేదు.

"ఊరికే ఎవురూ ఇట్ల చెయ్యరు. రేపు ఇంటి మీదికొచ్చి అడిగితే నా కాడ దుడ్లు ల్యావ్ పెద్దాయనా. మీయట్లాంటోళ్లను చానా మందిని సూసినా."

ముసలాయన మొహం చిన్నబోయింది.

"సరేలేప్పా. ముందు ఎక్కు."

జీవన్ ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

షెడ్డుకు చేరేసరికి కమిటీ వాళ్లు లేచి చెప్పులు వేసుకుంటున్నారు. జీవన్ రొప్పుతూనే నమస్కారం పెట్టాడు. కంప్యూటర్‌లో బొమ్మ ఎలా గీస్తాడో, మిషన్ ఎలా చెక్కుతుందో చూపించాడు. వాళ్లు తలలూపి, బయానా ఇచ్చి వెళ్లిపోయారు.

"పని నీదే," అన్నాడు సుందరరాజు.

జీవన్ పక్కకు పోయి అమ్మకు ఫోన్ చేశాడు. "వచ్చిందిమ్మా," అని మాత్రం అనగలిగాడు. తరవాత ఇద్దరూ ఏడ్చారు.

తిరిగి వచ్చేసరికి సుందరరాజు దిగులుగా ఉన్నాడు.

"పాత మనిషి ఒకాయప్ప ఉండాడు. నాకు మీసాలు రాకముందు నుంచీ ఈ షెడ్డులోనే ఉలి పట్టినాడు. మిషన్ తెచ్చినాక పని ల్యాకపాయ. నంద్యాలలో మూటలు మోసుకుంటాండాడు. నువ్వు టయానికి రాకుంటే ఈ విగ్రహం చేత్తో చెక్కేది ఆయనేనని, ఆయప్పను గూడా రమ్మన్నా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దనేది?"

ఎవరో, పాపం అనుకున్నాడు జీవన్. అంతకంటే అనుకునే ఓపిక అతనికి లేదు.

సుందరరాజు చేతులకు రాతిపొడి ఉంది. ఫోన్ బండ మీద పెట్టి స్పీకర్ నొక్కాడు.

"నరసింహులన్నా, యాడున్నావ్?"

"దోవలోనే ఉండా."

"ఇంక రావద్దులేన్నా. మిషన్ పిల్లోడు వచ్చేసినాడు."

అవతల ఏదో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

"తెలుసప్పా," అంది, పొద్దున బస్సులో యాడికని అడిగిన గొంతు. "పాలబండి ఎక్కించింది నేనే. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు ల్యాడు, ముందు వానికి టిఫినన్నా పెట్టించు."