పెద్దక్షరాలు

"ఇప్పుడు కనిపిస్తోందా?"

"ఇంకొంచెం."

అతను ట్యాబ్ తెర మీద గీత వెంట చుక్కను కుడివైపుకి జరిపాడు. పేజీలో అక్షరాలు ఉబ్బాయి.

"చాలండీ. మరీ గుమ్మడికాయలంత అయ్యాయి."

"ఉండనీ. కంటికి శ్రమ ఇవ్వొద్దన్నాడుగా డాక్టరు. ఏ పేజీ తెరిచినా ఇక ఇంతే పెద్దగా వస్తుంది. నువ్వు మళ్లీ మార్చుకోనక్కర్లేదు."

కుర్చీని కూడా కిటికీ వైపు తిప్పి పెట్టాడు, వెలుతురు బాగా పడుతుందని.

పెళ్లయ్యాక ఏనాడూ మంచినీళ్ల గ్లాసు కూడా అందించని మనిషి. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి గిన్నెలు తోముతున్నాడు. వేళ తప్పకుండా కంట్లో చుక్కలు వేస్తున్నాడు. కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. కూలీలంతా హడలిపోయే గొంతు ఇంట్లో ఇప్పుడు పిల్లి గొంతయింది.

అంతకుముందు జరిగింది చిన్న గొడవే. చెల్లెలింటికి వెళ్లి నాలుగు రోజులుండి వస్తానంది. అతను చేతిలో ఉన్న తాళాల గుత్తి విసిరాడు. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను మొదట్నుంచీ అంతంత మాత్రమే.

తలుపు తగిలిందని చెప్పింది డాక్టరుతో. పక్కింటివాళ్లకీ తలుపే. చెల్లెలికి మాత్రం నిజం రాసింది.

ఫోను అతని దగ్గరే ఉంటుంది. కాబట్టి ఉత్తరాలన్నీ ట్యాబ్‌లోనే. సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని రాసేది. వెనక సోఫాలో అతని పేపరు గరగరలాడుతూ ఉండేది. ఆ చప్పుడే ఆమెకు కాపలా. అది ఆగితే చాలు, చటుక్కున పేజీ మార్చేసేది. చదివినవి చదివినట్టు చెరిపేసేది.

"మారాడేమోనే," అని రాసింది ఒకరోజు. "నిన్న నా తల కూడా దువ్వాడు."

"కొట్టిన చేత్తోనే కట్టు కడుతున్నాడని కరిగిపోకక్కా," అని జవాబిచ్చింది చెల్లెలు. "నీకింకా ఒక కన్నుంది. అది మిగలాలంటే వచ్చెయ్."

ఆ మాట రెండుసార్లు చదివింది. తర్వాత "సరే" అని రాసింది.

చెల్లెలు టిక్కెట్టు పంపింది. శుక్రవారం, పదింపావు బస్సు, కిటికీ సీటు. అక్షరాలు మునుపట్లా చీమలబారులా ఉంటే ఆమెకు సీటు నంబరు కూడా దొరికేది కాదు. అతని పుణ్యమా అని మొదటి చూపులోనే చదివేసింది. ఆ మాట తోచగానే గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. పాపం, చేసింది కడుక్కుందామనే చూస్తున్నాడేమో.

శుక్రవారం పొద్దున అతను క్యారేజీ తీసుకుని బయల్దేరాడు. గుమ్మంలో ఆగి వెనక్కి వచ్చాడు.

"మధ్యాహ్నం చుక్కలు మర్చిపోకు."

"మర్చిపోను."

"ఒంటరిగా బయటికెళ్లకు. మెట్లు కనపడవు నీకు."

తల ఊపింది. అతను వెళ్లాక కాసేపు ఏడ్చింది. ఏడుపు ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు. మొహం కడుక్కుని, రెండు చీరలు, చుక్కల మందు, టిక్కెట్టున్న ట్యాబ్ సంచిలో వేసుకుంది. తలుపు దగ్గరగా వేసి, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

బస్టాండులో మనుషులంతా మసక మసకగా కదులుతున్నారు. ఎవరో పెద్దావిడ చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. కండక్టరు సీటు చూపించాడు. కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుంది. చల్లగాలి మొహాన తగిలింది. నెలల తర్వాత మొదటిసారి భుజాలు సడలాయి. సాయంత్రానికి చెల్లెలింట్లో ఉంటుంది. ఈ కంటికి అక్కడ మంచి డాక్టరు ఉన్నాడట.

ఎడమ పక్కన సీటు కిర్రుమంది. ఎవరో వచ్చి కూర్చున్నారు. ఆ వైపు ఆమెకు చీకటే.

ఇంజను మోగింది. బస్సు మెల్లగా వెనక్కి కదిలింది.

"ఏవండీ, ఇది పదింపావు బస్సేనా?" అని అడిగింది, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

"అదే, అక్షరాలు అంత పెద్దవి చేసి పెట్టాక సోఫాలోంచి చదవడానికి నాకు ఏ ఇబ్బందీ లేకపోయింది," అన్నాడు ఆమె భర్త.