కోపోంగ్ ఇంటికొచ్చాడు

"అక్కా, ఆ స్తోత్రాలేవో మనసులో చెప్పుకోరాదూ?"

పెని ఇక ఆపుకోలేక అనేసింది. పక్కన మోకరించిన ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఇంతసేపటి నుంచీ ఆవిడది ఒకటే మాట: "నా బిడ్డను ఇంటికి తెచ్చావు తల్లీ, నీకు వందనాలు." మరియమాత గుడిలో అందరూ పెదవులు కదపకుండా జపమాల తిప్పుకుంటుంటే ఈవిడ ఒక్కతే చేపల బజార్లో ఉన్నట్టు గట్టిగా చెబుతోంది.

"తప్పయిపోయింది చెల్లీ. ఈ మాట దగ్గరికొచ్చేసరికి నా గొంతు నా చేతుల్లో ఉండదు," అందావిడ.

 పెని చేతిలో కొవ్వొత్తి వెలిగించకుండా అలాగే ఉంది. ఈ గుడిలో బతికున్నవాళ్ళ కోసం కుడివైపు వెలిగిస్తారు, పోయినవాళ్ళ కోసం ఎడమవైపు. వానాకాలంలో చేపలవేటకు వెళ్ళిన ఆమె కొడుకు బోలి తుఫానులో చిక్కుకున్నాడు. పడవ చెక్కలు దొరికాయి గానీ బోలి దొరకలేదు. అప్పటి నుంచీ ఆమె సోలోర్ దీవి నుంచి శనివారం శనివారం లాంచీ ఎక్కి ఈ లారాంతుక రేవుకు వస్తూనే ఉంది. కొవ్వొత్తి ఎటువైపు పెట్టాలో తెలియక వెనక్కి పట్టుకుపోతూనే ఉంది.

ఈసారీ అంతే. కొవ్వొత్తిని సంచిలో పడేసుకుని బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. కాసేపటికి ఆవిడా వచ్చి పక్కనే కూర్చుంది. కొంగులోంచి మొక్కజొన్న అటుకుల పొట్లం విప్పి ముందుకు జరిపింది.

"తిను చెల్లీ. నన్ను బారెక్ అంటారు. మాది ఈ ఒడ్డు వెంబడే, ఆ మలుపు అవతల. కోపంగా ఉన్నావు. నా మీదా, ఆ తల్లి మీదా?"

"ఇద్దరి మీదా," అంది పెని. అన్నాక మనసులో దాచుకున్నదంతా బయటికొచ్చేసింది. "మా మరిది ఒక గవ్వ తెచ్చాడక్కా. సముద్రంలో పోయినవాడి బదులు గవ్వను పూడ్చి, ప్రార్థన చేయించి, ఇక మరిచిపోవాలట. నేను దాన్ని వాకిట్లోకి విసిరికొట్టాను. కోడలికి నెలలు నిండుతున్నాయి. వాళ్ళ పుట్టింటివాళ్ళు వచ్చి, మా పిల్ల ఇంకా పెళ్ళామా, విధవా, ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారు. ఏమని చెప్పను? వాడు అన్నం తింటున్నాడనుకోవాలా, లేదనుకోవాలా? ఏడుద్దామన్నా భయమే. నేనే వాణ్ణి చంపేసినట్టు ఉంటుంది."

 బారెక్ మెల్లిగా అంది.

"ఆ తుఫానులోనే మా కోపోంగ్ కూడా ఉన్నాడు."

పెని గబుక్కున ఇటు తిరిగింది. "మరి?"

"ఆదివారం పొద్దున పూజకు బయల్దేరుతుంటే పిల్లలు కేకలేసుకుంటూ వచ్చారు. ఒడ్డుకు చేరాడు. ఎక్కడికో కాదు, మా ఊరి ఒడ్డుకే."

"అదృష్టవంతురాలివి," అంది పెని. ఆ మాట నోట్లోనే చేదయింది. "ఇప్పుడెలా ఉన్నాడు?"

"ఇప్పుడు ఏ బాధా లేదు. ఇంటిపట్టునే ఉంటాడు. ఇక సముద్రం మీదికి వెళ్ళడు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకెళ్ళి పక్కన కూర్చుంటాను. కోడిపెట్ట గుడ్లు పెట్టిందనీ, వాళ్ళ నాన్నకు మళ్ళీ నడుంనొప్పి వచ్చిందనీ ఏదో ఒకటి చెబుతాను."

"వాడేమంటాడు?"

"వాడెప్పుడూ అంతే. పదిమాటలకు ఒకటి కూడా మాట్లాడడు." బారెక్ నవ్వింది. కళ్ళు మాత్రం సముద్రం వైపే ఉన్నాయి. "మొదట్లో నేనూ దేవుడితో పోట్లాడానులే. ఇక గుడి గడప తొక్కనన్నాను. తరువాత మా ఊళ్ళో ఇంకా సముద్రం వైపే చూస్తున్న మిగతా తల్లుల్ని చూశాను. అడిగింది ఇవ్వకపోయినా, ఇచ్చింది చిన్నదేం కాదనిపించింది. ఆ పూట నుంచీ వందనం చెప్పకుండా అన్నం ముట్టలేను చెల్లీ."

కొడుకు ఇంట్లో ఉంటే వందనాలకేం కరువు, అనుకుంది పెని. అంతలోనే ఆమెకు ఒక ఆలోచన తట్టింది.  బారెక్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, అదే తుఫాను, అదే సముద్రం. మీవాడు మా బోలిని చూసి ఉండొచ్చు కదా! ఏ చెక్కో పట్టుకుని తేలుతూ... ఏ దిక్కుకు పోయాడో... ఒక్కసారి అడగనివ్వక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

బారెక్ ముఖంలో నవ్వు పోయింది. "చెల్లీ, వాడు..." అని ఆగిపోయింది.

"ఎక్కువ విసిగించను. ఒక్క మాటే అడుగుతాను. మీవాడు వచ్చినట్టే మావాడూ వస్తాడని నువ్వే ఒక్కసారి చెప్పు, చాలు."

  బారెక్ పొట్లం మడిచి, లేచి నిలబడి, "ఇల్లు దగ్గరే. రా," అంది.

దారి పొడుగునా బారెక్ నోరు విప్పలేదు. పెని ఆమె ముందే పరిగెత్తినట్టు నడిచింది. కొడుకును ఒక మాట అడగనివ్వడానికి ఇంత ముభావమా అని నొచ్చుకుంది కూడా. అయినా పడుతుంది. బోలి సంగతి చెబుతానంటే ఎవరి మాటలైనా పడుతుంది.

ఇల్లు చిన్నది. వాకిట్లో బారెక్ భర్త వల బాగుచేసుకుంటున్నాడు. కొత్తమనిషిని చూసి లేచి కుర్చీ జరిపాడు. పెని కూర్చోలేదు.

"కోపోంగ్ ఏడి అన్నా?"

ఆయన భార్య వైపు చూశాడు. బారెక్ తల దించుకుంది. పెని చెయ్యి పట్టుకుని ఇంటి పక్కగా నడిపించుకుపోయి, నీడపట్టున ఆగింది.

"నాన్నా కోపోంగ్," అంది, "సోలోర్ నుంచి ఒక అమ్మ వచ్చింది రా."

శిలువ మీద కోపోంగ్ పేరున్న ఆ సమాధిని చూసి పెని ఈర్ష్యపడింది.